కాశీనగర్ దొడ్డిలో ఆ పాత పాకలు ఎందుకు కట్టారు, ఇప్పుడు ఏం చేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర తాతగారి దొడ్డి మీ వాటాకు వచ్చింది. ఇల్లు కాక వెనకాల ఐదు పాత కట్టడాలు, ఒక గుంత ఉన్నాయి. అవి దేనికి కట్టారో చెప్పే పెద్దవాళ్లు ఇప్పుడు లేరు. జేసీబీ పెడితే ఒక్క రోజులో చదునైపోతుందని కాంట్రాక్టరు అంటున్నాడు, ఏం చేయమంటారు అని అడిగారు. సూటిగా చెప్తాను, ఈ ఏడాది జేసీబీని దొడ్డిలోకి రానివ్వకండి. ఐదింట్లో రెండు కచ్చితంగా నిలబెట్టుకోవాల్సినవి, ఒకటి పోయినా బాధ లేదు, మిగతా రెండూ మీరు అక్కడ ఉంటారా, ఎవరికైనా కౌలుకిస్తారా అన్నదాన్ని బట్టి.

నేను వడ్రంగుల ఇంట్లో పుట్టాను. మా నాన్న, పెదనాన్న పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా వంశధార పక్క ఊళ్లలో బళ్లు, ద్వారబంధాలు, గాదెలు చేసేవారు. నేను నలభై ఏళ్లుగా పాత ఇళ్ల మరమ్మతు చేస్తున్నాను, అందులో సగం పని ఇలాంటి దొడ్ల లోపలే. అందుకే మీరు వాటిని "స్టోర్ రూములు" అని రాస్తే మనసు చివుక్కుమంది. వాటికి పేర్లున్నాయి. పశువుల కొట్టాన్ని మన ఇళ్లలో సాల అంటాం, పక్కింటి ఒడియావాళ్లు గుహాళ అంటారు. ధాన్యం దాచే మన గాదె వాళ్లకు అమార, నూర్పులు చేసే మన కళ్లం వాళ్లకు ఖళా. ఒకే గోడకి అటూ ఇటూ రెండు భాషల్లో పేర్లు, పని మాత్రం ఒకటే.

ముందు ఒక సంగతి పట్టుకోండి. అవి ఐదు వేరువేరు గదులు కావు. కళ్లంలో నూర్చిన ధాన్యం గాదెకీ, గడ్డితో చుట్టి కట్టే పురికీ పోతుంది, గడ్డి కుప్పకీ సాలకీ పోతుంది, సాలలో పేడా మూత్రమూ గుంతకి పోతాయి, గుంతలో గెత్తం, అంటే పెంట ఎరువు, మళ్లీ పొలానికి పోతుంది. వడ్లు దంపుడు పాకలో బియ్యం అవుతాయి, తవుడూ కడుగునీళ్లూ కుడితి గోలెంలో పడి ఎడ్ల కడుపులోకి వెళ్తాయి. ఆ గోలెం సాలకీ వంటింటికీ సరిగ్గా మధ్యలో ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. మీ తాతగారు దొడ్డిలో నడిచే దారి ఆ వరుసలోనే ఉండి ఉంటుంది. ఒకసారి మీరు కూడా కళ్లం నుంచి మొదలుపెట్టి అలా నడిచి చూడండి, సగం ప్రశ్నలకు జవాబు కాళ్లకే దొరుకుతుంది.

సాల దగ్గర మొదలుపెడతాను. ఫోటోలో పొడుగ్గా, తూర్పు వైపు తెరిచి, పడమట మట్టి గోడతో ఉన్నది అదే. వేసవిలో పడమటి ఎండ, వడగాలి పశువులకు తగలకూడదు, పొద్దుటి ఎండ మాత్రం నేల మీద పడి తడి ఆరాలి, అందుకని ఆ వాటం. నేల మీద పరిచిన బండలు ఒక వైపుకి వాలుగా ఉంటాయి, మట్టి గీకితే కనిపిస్తుంది, ఆ వాలు చివర చిన్న కాలువ ఉండాలి. అది పూడిపోయి ఉంటే పార పెట్టి తీయండి, నేరుగా మీరు అడిగిన గుంత దగ్గరికే తీసుకెళ్తుంది. ఆ గుంత ధాన్యం పాతర కావచ్చా అని అడిగారు. కాదండి. పాతర వేయాలంటే నేల లోతుదాకా పొడిగా ఉండాలి. వంశధార ఒడ్డున, రెండు వానలకే నుయ్యి నీళ్లు పైకొచ్చే చోట ధాన్యం నేలలో దాచే పిచ్చి పని ఎవరూ చేయరు. అది గెత్తం గుంత. నాటు ఎద్దు ఒకటి రోజుకు పది కిలోల దాకా పేడ వేస్తుంది, రెండు జతల ఎడ్లు, రెండు ఆవులు ఉన్న ఇంట్లో ఏడాదికి ఎన్ని బళ్ల గెత్తం అయ్యేదో లెక్క వేసుకోండి. ఎరువుల దుకాణం లేని రోజుల్లో ఆ గుంతే ఇంటి బలం. అక్కడి మట్టి ఇప్పటికీ నల్లగా, బాగా పొడిపొడిగా ఉంటుంది, జేసీబీతో పూడ్చే బదులు తవ్వి కూరగాయల మడుల్లో వేయండి.

ఇక గాదె. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి, ఇది మా ఇంటి పని.

మీ ఫోటోలో ఎత్తు మీద చెక్కల పెట్టెలా ఉన్న గది గాదె. దానికి మేకులు ఉండవు. నాలుగు మూలలా నిలువు కంబాలకి గాడి తీసి, ఆ గాడిలోకి పలకలు పైనుంచి ఒకదాని మీద ఒకటి దింపుతారు. ముందు వైపు పలకలు మాత్రం ఊడదీసేవి. ధాన్యం పోసేకొద్దీ పలక ఎక్కిస్తారు, వాడేకొద్దీ పైది తీస్తారు. ఏ పలక ఎక్కడిదో తప్పిపోకుండా ఉలితో గంట్లు పెట్టేవాళ్లం, ఒక గంటు, రెండు గంట్లు, మూడు, అలా. గంట్లు పలక లోపలి వైపు ఉంటాయి, బయట ఉంటే అరిగిపోతాయని. చిన్నప్పుడు మా నాన్న పలకలు తీసి వరసగా గోడకి ఆనిస్తే నేను గంట్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టి అందించేవాణ్ణి. నాకు అంకెలు వచ్చింది బడిలో కాదు, అక్కడే. కింద ఒక మూల జానెడు కన్నం, దానికి చెక్క మూత ఉంటుంది. రోజువారీ వడ్లు అందులోంచి తీస్తారు. మూత లాగితే వడ్లు సర్రున జారి కుంచంలో పడతాయి, చేత్తో అడ్డం పెట్టి ఆపి మూత బిగించాలి, అది ఇంటి ఆడవాళ్ల చేతికి అలవాటైన పని. ఆ మూత చుట్టూ చెక్క నున్నగా, అద్దంలా ఉంటుంది. ఎన్ని చేతులు రాసుకుంటే చెక్క అలా అవుతుందో ఆలోచించండి.

గాదె రాళ్ల మీద ఎందుకు ఎత్తారు అంటే అందరూ ఎలుకల కోసం అంటారు. అది సగం నిజం. ఎలుక రెండడుగుల దాకా నిలువునా ఎగరగలదు, అడుగున్నర ఎత్తు దాన్ని ఆపదు. అసలు కారణాలు రెండు. ఒకటి నేల చెమ్మ, రెండోది ఆ ఖాళీలో పిల్లి తిరగాలి. కింద చీకటిగా, ఇరుకుగా, సామాను కుక్కి ఉంటే ఎలుక అక్కడే కాపురం పెడుతుంది, దాని వెనకే పాము వస్తుంది. మీ గాదె కింద ఇప్పుడు పాత ఇనుప సామాను, సంచులు కనిపిస్తున్నాయి. మొదటి పని అది ఖాళీ చేయించడం, పగటి పూట, పొడుగాటి కర్రతో ముందు కదిలించి, బూట్లు వేసుకున్న మనుషులతో. వంశధార వరద మాట కూడా ఉంది. 1980 వరద చూసిన పెద్దవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉంటారు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడిగి, మీ గాదె అరుగు ఎత్తు కొలిచి చూడండి.

లోపల పలకల సందులకి పేడా బంకమట్టీ కలిపి మెత్తేవాళ్లు. ధాన్యం ఆరిందో లేదో పంటికింద పెట్టి చూసేవాళ్లు, గింజ కటుక్కున విరగాలి, మెత్తగా నలిగితే మళ్లీ ఎండకి. ఇప్పుడు మిషన్ పెట్టి తేమ 14 శాతం లోపు ఉండాలి అంటున్నది కూడా అదే పరీక్ష. పొర పొరకీ వేపాకు, వావిలాకు వేసేవారు. తేమ ఉన్న వడ్లు పోసి ఎన్ని ఆకులు వేసినా వడ్ల చిలకా ముక్కు పురుగూ ఆగవు, అది మాత్రం గుర్తుంచుకోండి.

పురి సంగతి. గాదె పక్కన గుండ్రంగా రాళ్లు పేర్చి ఉన్న అరుగు ఒకటి ఉంది, దాని మీద ఏమీ లేదు, అది దేనికి అన్నారు. అది పురి దిబ్బ. వరిగడ్డిని వెంటిగా, అంటే లావుపాటి తాడుగా పేని, కింద గడ్డి పరుపు వేసి, వెంటిని చుట్టూ తిప్పుకుంటూ లోపల వడ్లు పోసుకుంటూ పైకి లేపితే మనిషెత్తు పీపాలాగా పురి లేస్తుంది. పైన గడ్డి టోపీ. గాదె పట్టనంత పంట వచ్చిన ఏడు పురి కట్టేవాళ్లు, ఆషాఢంలోనో శ్రావణంలోనో రేటు చూసి విప్పేవాళ్లు. మీ దొడ్డిలో ఆ దిబ్బ ఉందంటే మీ తాతగారి ఇంట్లో మిగులు పంట ఉండేదన్నమాట.

ఇప్పుడెవరూ ఎందుకు కట్టరు? బద్ధకం అంటారు కొందరు. నేను ఒప్పుకోను. వెంటి పేనాలంటే పొడుగాటి గడ్డి కావాలి. పాత నాటు వరి రకాలు మనిషి భుజం దాకా పెరిగేవి. 1966లో ఐఆర్ 8 అనే పొట్టి వరి వచ్చింది, తర్వాత పొట్టి రకాలే పొలమంతా నిండాయి, 1982లో మార్టేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం మన వైపు ఇంటింటి పంట అయింది. దిగుబడి పెరిగింది, పిల్లలు కడుపునిండా తిన్నారు, దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ గడ్డి పొట్టిదైంది. పొట్టి గడ్డితో వెంటి నిలవదు, ఇంటి కప్పు రెండు వానలకే కుళ్లుతుంది. ఆ తర్వాత కోత మిషన్లు వచ్చి ఆ గడ్డినీ నలిపి పొలంలోనే పడేస్తున్నాయి, వడ్లు ట్రాక్టరులో నేరుగా మండీకి పోతున్నాయి. ధాన్యం ఇంటికే రానప్పుడు గాదె దేనికి, గడ్డి రానప్పుడు సాల దేనికి, పశువు లేనప్పుడు గుంత దేనికి. నా కళ్ల ముందే ఒకదాని వెనక ఒకటి ఖాళీ అయ్యాయి, అన్నీ కలిపి ఇరవై ఏళ్లు కూడా పట్టలేదు.

దొడ్డి చివర నాలుగు గుంజల మీద నిలబడ్డ పాక కళ్లం పాక. నూర్పుల నెలలో రాత్రి కాపలా అక్కడే. దాని ముందు గట్టి నేల, మధ్యలో పాతిన గుంజ మొదలు కనిపిస్తే ఆ గుంజకే ఎడ్లని బంతి కట్టి తిప్పేవాళ్లు. మీవాళ్ల పొలం కొంత పాతపట్నం వైపు ఉందని రాశారు, అందుకే ఇది చిన్నదిగా ఉంది, అసలు కళ్లం అటు ఉండి ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఇటు మనం ఒరిస్సాలో, అటు పాతపట్నం, టెక్కలి వైపు మద్రాసులో. గీత గీసినవాళ్లకి పొలం ఎవరిదో, గాదె ఎవరిదో తెలియదు కదా. నాకు తెలిసిన రెండు మూడు కుటుంబాల్లో అటు కళ్లం, ఇటు గాదె, మధ్యలో బండి. ఒడిశా 1951 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక పెద్ద పెద్ద ఇళ్ల గాదెలు కూడా కొన్ని అమ్మకానికి వచ్చాయని మా నాన్న చెప్పేవారు. ఆ గుగ్గిలం కలప విప్పి రైతుల ఇళ్లలో చిన్న గాదెలుగా మళ్లీ కట్టారట. మీ గాదె పలకల మీద పనికిరాని గాడి, పాత రంధ్రం లాంటివి ఉంటే అది కూడా అలా వచ్చిందే కావచ్చు.

ఐదోది, వంటింటి వెనక చిన్న చీకటి గది, నేలలో రాతి గుంట ఉన్నది, దంపుడు పాక. ఒడియాలో ఢెంకిశాళ. కాలితో తొక్కే పెద్ద దూలం ఉండేది, అది ఎప్పుడో పొయ్యిలోకి పోయి ఉంటుంది. రైసు మిల్లు వచ్చిన రోజునే దీని పని అయిపోయింది. ఐదింట్లో పోయినా బాధ లేదన్నది దీన్నే. రాతి గుంట మాత్రం తీసి దాచండి.

ఇప్పుడు ఏం చేయాలి.

గాదెని వదలకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీదుగా వెళ్లినప్పుడు నేను కాశీనగర్ పక్క ఊళ్లోనే ఒక ఇంటి పనిలో ఉన్నాను. ఇంటి మీద కొత్తగా వేసిన రేకులు ఎగిరి ఎక్కడో తోటలో పడ్డాయి. గాదె కంబాలు రాతిలో దిగి ఉన్నాయి, పలకలు గాడిలో ఉన్నాయి, కాస్త ఊగి ఆగింది. అక్టోబర్ అంటే కొత్త పంట ఇంకా పొలంలోనే, గాదె అడుక్కి వచ్చే నెల. అడుగున మిగిలిన ఆ కాస్త వడ్లే రోడ్లు తెరుచుకునే దాకా ఆ ఇంటివాళ్లకీ పక్కింటివాళ్లకీ అన్నం అయ్యాయి. ఆ ముసలమ్మ కన్నం దగ్గర కూర్చుని కుంచం పట్టుకుని కొలిచి పెట్టింది, నేను కూడా తిన్నాను ఆ అన్నం.

మరమ్మతుకి పెద్ద ఖర్చు ఉండదు. పలకలు తీసి నీడలో ఆరబెట్టండి, చెదలు పట్టినవి రెండు మూడు ఉంటాయి, వాటికి బదులు మద్ది కానీ గుగ్గిలం కానీ వేయించండి. కంబాల మొదళ్లకి జీడిపిక్క నూనె పట్టించండి, పలాసలో దొరుకుతుంది, చెదలు దగ్గరికి రావు. కానీ అది ఒంటి మీద పడితే బొబ్బలు లేస్తాయి, చేతులకి తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి, ధాన్యం తగిలే లోపలి వైపు అసలు రాయకండి. నిల్వకి వడ్లే అక్కర్లేదు. చోళ్లు (రాగులు) పోయండి. 2017 నుంచి ఒడిశా మిల్లెట్ మిషన్ వల్ల గజపతి, రాయగడ రెండు జిల్లాల్లోనూ చోళ్లు మళ్లీ వేస్తున్నారు. చోడి గింజకి పురుగు పట్టదు, ఆరబెట్టి పోస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

సాల కూడా ఉంచండి, గోడ మాత్రం జాగ్రత్త. మట్టి గోడ మీద సిమెంట్ ప్లాస్టరింగ్ చేస్తామని ఎవరన్నా వస్తే వద్దనండి. ఒక ఇంట్లో వాళ్లు పట్టుబడితే నేనే దగ్గరుండి చేయించాను. లోపల చెమ్మ బయటికి పోయే దారి లేక రెండు వానాకాలాలకి గోడ ఉబ్బి, మూడోదానికి ప్లాస్టరింగ్ మట్టితో సహా ఊడి పడింది. ఆ గోడ నా వల్ల పోయింది, అప్పటి నుంచి సిమెంట్ ముట్టలేదు. మట్టి గోడకి మట్టి, లేదా సున్నం. కప్పుకి నాటు పెంకు దొరక్కపోతే రేకు వేసినా దాని మీద గడ్డి పరిచి తాళ్లతో బిగించండి, వేడి బాగా తగ్గుతుంది.

పశువులు పెట్టే ఉద్దేశం లేకపోతే సాలకి మంచి ఉపయోగం ఒకటుంది, గడ్డి పుట్టగొడుగులు. ఒడియావాళ్లు పాళఛతు అంటారు, ఎంత ఇష్టంగా కొంటారో మీకు తెలుసు. దానికి ముప్పై నుంచి ముప్పై అయిదు డిగ్రీల వేడి, తేమ, నీడ కావాలి. వేసవి, వానాకాలాల్లో సాల సరిగ్గా అలాగే ఉంటుంది. విత్తనం వేసిన పది పదిహేను రోజుల్లో మొదటి కోత వస్తుంది. నేల బాగా గీకి, సున్నం కొట్టి, ఒక నెల ఖాళీగా ఉంచాకే మొదలుపెట్టండి. మిషన్ నలిపిన గడ్డి దీనికి పనికిరాదు, చేత్తో కోసి కట్టలు కట్టిన గడ్డే కావాలి. అంటే మీ కౌలు రైతుతో ఒక ఎకరం చేత్తో కోయించమని ముందే మాట్లాడుకోవాలి, ఆ కూలి మీరు పెట్టుకోవాలి.

కళ్లం పాక, పురి దిబ్బ మీ ఇష్టం. పాక కౌలు రైతుకి పనికొస్తుంది, అతన్నే కప్పు వేయించుకోమనండి.

ఏ పని మొదలుపెట్టే ముందైనా పట్టా తీసి చూడండి. ఇల్లున్న ముక్కకి కిసం (భూమి రకం) ఘరబారి, అంటే ఇంటి స్థలం అని ఉండి, కళ్లం ఉన్న ముక్కకి వేరేగా ఉండటం మామూలే. పాత వాటాలు తేలని దొడ్లో గోడ కూల్చితే సరిహద్దు గుర్తు కూడా దాంతోనే పోతుంది, ఆ తర్వాత పక్క వాటాదారుతో ఏళ్ల తరబడి టెన్షన్. సాల పడమటి గోడే మీ హద్దు అని నాకు అనుమానం, ఫోటోలో ఆ వరసలోనే పక్కవాళ్ల కంచె ఉంది. ముందు అమీనుతో, అంటే భూమి కొలిచే సర్వేయరుతో కొలిపించండి.

పనికి మంచి కాలం మాఘం నుంచి చైత్రం దాకా, గోడలు ఆరి ఉంటాయి. ఈలోగా ఒక్క పని చేసి పెట్టండి. గాదె ముందు పలకలు ఒకటి రెండు పైనుంచి తీసి లోపలి వైపు ఫోటో తీయండి, వెలుతురు పక్క నుంచి పడేలా, గంట్లు కనబడాలి. మా నాన్న గంటు తిన్నగా పెట్టి చివర చిన్న వంపు తిప్పేవారు, మా పెదనాన్న తిన్నగా వదిలేసేవారు. ఆ ఫోటో ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.